చలికాలం, హాస్టల్, పొద్దున ఐదింటి బెల్లు

ప్రశ్న:

మేడమ్, నమస్తే. ఉట్నూరు వైపు ఒక గిరిజన ఆశ్రమ బాలికల పాఠశాలలో జూలైలో సీఆర్‌టీగా, అంటే కాంట్రాక్టు మీద పనిచేసే రెసిడెన్షియల్ టీచర్‌గా చేరాను. మాది వరంగల్ దగ్గర పల్లె. ఇంత చలి నేనెప్పుడూ చూడలేదు. పొద్దున ఐదింటికి బెల్లు కొట్టి పిల్లల్ని స్టడీ అవర్‌కి కూర్చోబెడతాం. పదో తరగతి వాళ్లతో పాటు మూడో తరగతి పిల్లలు కూడా కూర్చోవాలి. సగం మంది రగ్గు కప్పుకుని కూర్చునే నిద్రపోతారు. సోలార్ హీటర్ పాడై రెండేళ్లయిందట, స్నానం అంటే ఏడుపే. గజ్జి పాకుతోంది. చిన్నపిల్లలు కొందరు పక్క తడుపుతున్నారు. దీపావళికి ఇళ్లకు వెళ్లిన వాళ్లలో పదకొండు మంది ఇంకా రాలేదు. సంక్రాంతికి వెళ్తే ఇంకెంతమంది ఆగిపోతారోనని హెచ్‌ఎం సార్‌కి టెన్షన్, ఆయన వల్ల నాకు టెన్షన్. ఆరో తరగతిలో కోలాం అనే గిరిజన తెగ అమ్మాయిలు ముగ్గురున్నారు. ఎవరితోనూ కలవరు, మిగతావాళ్లు వాళ్ల మాటను వెక్కిరిస్తారు. బీఈడీలో పిల్లల సమగ్ర వికాసం గురించి పేజీలకు పేజీలు రాశాను. ఇక్కడికొచ్చాక పిల్లలు వణక్కుండా ఉంటే చాలనిపిస్తోంది. నేను తప్పు చోటికి వచ్చానా?

ఒక టీచర్, ఆదిలాబాద్ జిల్లా

సమాధానం:

అమ్మా, పిల్లలు వణక్కుండా ఉంటే చాలన్న మాట మీరు సిగ్గుపడుతూ రాసినట్టున్నారు. నాకు మాత్రం మీ ఉత్తరంలో అదే నచ్చింది. వణుకుతున్న పిల్లకి లెక్క ఎక్కదు, పాట ఎక్కదు, పక్కపిల్ల మీద ప్రేమ కూడా పుట్టదు. మీ బీఈడీ నోట్సులో ఉన్న వికాసం నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా రగ్గు, వేడినీళ్లు, ఎండ అనే మూడింటి చుట్టూ తిరుగుతుంది. నేను రెసిడెన్షియల్ బడుల్లో ముప్ఫై మూడేళ్లు పనిచేశాను. అందులో పదకొండు చలికాలాలు మీరున్న వైపే గడిచాయి. ఆ పదకొండులో మొదటి నాలుగూ నేను చేసినవి ఎక్కువగా తప్పులే. కాబట్టి ఇది అనుభవంతో చెప్తున్నానంటే, తప్పుల అనుభవంతో కూడా అని అర్థం చేసుకోండి.

ముందు ఐదింటి బెల్లు సంగతి. డిసెంబర్‌లో మీ దగ్గర సూర్యుడు ఉదయించేది ఆరూ నలభై ప్రాంతంలో, అస్తమించేది పావు తక్కువ ఆరుకు. కొండ అడ్డం ఉంటే ఎండ గ్రౌండ్‌లోకి దిగేసరికి ఏడు దాటుతుంది. అంటే ఐదింటికి లేపిన పిల్ల రెండు గంటల సేపు రోజులోకెల్లా చల్లని వేళలో, ట్యూబ్‌లైటు కింద, బండల మీద కూర్చుంటుంది. మైదానంలో ఏ బడికో సరిపోయిన టైంటేబుల్‌ని ఎవరో ఒకరు కొండమీదికి మోసుకొచ్చారు, అది అక్కడే ఉండిపోయింది.

నిద్ర లెక్క కూడా చూడండి. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు తొమ్మిది నుంచి పన్నెండు గంటల నిద్ర కావాలని, పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లకు ఎనిమిది నుంచి పది గంటలు కావాలని నిద్ర మీద పనిచేసే డాక్టర్లు చెప్తారు. మీ దగ్గర పదింటికి లైట్లు ఆర్పి ఐదింటికి లేపితే ఏడు గంటలే. పదో తరగతి అమ్మాయికే చాలని నిద్ర మూడో తరగతి పిల్లకి ఎలా చాలుతుంది? తరగతిలో కునికే పిల్లని మొద్దు అనేస్తాం. అది తన నిద్ర అప్పు తీర్చుకుంటోంది, అంతే.

ఈ మాట హెచ్‌ఎం గారికి నేరుగా వెళ్లి చెప్తే, మొన్న చేరిన సీఆర్‌టీ నాకు పాఠం చెప్తోందా అనుకుంటారు. ఆయనకి పైనుంచి పదో తరగతి ఫలితాల ఒత్తిడి ఉంటుంది. మార్చిలో పరీక్షలు, ఏప్రిల్‌లో అడిగేది శాతమే, ఎంతమంది వణికారని ఎవరూ అడగరు. కాబట్టి వాదన పెట్టుకోకండి, రిజిస్టర్ పట్టుకెళ్లండి. సిక్ రిజిస్టర్‌లో ఆగస్టులో ఎన్ని పేర్లున్నాయి, డిసెంబర్‌లో ఎన్ని ఉన్నాయి, అవి ఏ తరగతుల పేర్లు అన్నది ఒక కాగితం మీద రాయండి. రెండు వారాలు చూద్దాం సార్ అనండి. మూడు నుంచి ఏడు వరకు పిల్లలు ఆరున్నరకు లేస్తారు, వాళ్ల స్టడీ అవర్ ఎండలో గ్రౌండ్‌లో జరుగుతుంది. ఎనిమిది, తొమ్మిది, పది వాళ్లు ఆరింటికి లేస్తారు, రాత్రి తొమ్మిదిన్నరకల్లా పడుకుంటారు. రెండు వారాల తర్వాత సిక్ రిజిస్టర్, ఎఫ్‌ఏ (తరగతిలో మధ్యమధ్య పెట్టే చిన్న పరీక్షల) మార్కులు రెండూ పక్కపక్కన పెట్టి ఆయన్నే నిర్ణయించమనండి. నేను అడిగిన హెచ్‌ఎంల్లో ఒకాయన మొదట ససేమిరా అన్నారు. రెండు వారాల తర్వాత ఆ ఐడియా తనదేనని అందరికీ చెప్పుకున్నారు. చెప్పుకోనివ్వండి.

ఇంకో చిన్న పని చేస్తే మీ కాగితానికి బలం వస్తుంది. గది ఉష్ణోగ్రత చూపించే మామూలు థర్మామీటర్ ఒకటి కొని డార్మిటరీ వరండాలో వేలాడదీయండి. తొమ్మిదో తరగతిలో ఇద్దరికి అప్పగించండి. రోజూ లేవగానే అంకె చూసి నోటీస్ బోర్డు మీద రాయాలి. మీ జిల్లా పేపర్లలో ప్రతి చలికాలం అర్లి (టి), గిన్నెధరి, సిర్పూర్ (యు) అని చలి ఎక్కువ పడే ఊళ్ల ఉష్ణోగ్రతల అంకెలు వేస్తారు కదా, వాటి పక్కన మీ బడి అంకె కూడా రాయమనండి. మా పిల్లలు అలా రాయడం మొదలుపెట్టిన వారానికి ఒక ఏడో తరగతి అమ్మాయి వచ్చి, "టీచర్, మా గూడెం ఇంకా పైన ఉంటది, అక్కడ ఇంత సలి ఉండది, ఎందుకు?" అంది. రాత్రి చల్లబడ్డ గాలి బరువెక్కి వాలు వెంబడి జారి లోయలో మడుగు కడుతుంది, మన బడి ఆ మడుగులో ఉంది అని చెప్పాను. ఆ రోజు సైన్స్ పీరియడ్ మొత్తం దాని మీదే పోయింది. సిలబస్ వెనకబడింది. పడనీ అనుకున్నాను.

ఇంట్లో ఆ పిల్లలు పొయ్యి చుట్టూ, నానమ్మ పక్కన ముడుచుకుని పడుకుంటారు. హాస్టల్‌లో ఇనుప మంచం మీద ఒంటరిగా. ఇనుప మంచానికి చలి కిందినుంచి వస్తుంది. పైన రెండు రగ్గులు కప్పేకన్నా ఒకటి కింద పరిస్తే ఎక్కువ పనిచేస్తుంది. రెండోది లేకపోతే స్టోర్‌రూంలో ఖాళీ బియ్యం సంచులుంటాయి, ఉతికి ఎండబెట్టి పరుపు కింద పరిపించండి. కుంపటి మాత్రం గదిలోకి రానివ్వకండి. ఎవరు బతిమాలినా, ఎంత చలి ఉన్నా సరే. తలుపులు మూసిన గదిలో బొగ్గులు రాజేస్తే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. నైట్ డ్యూటీలో ఉన్నప్పుడు వాచ్‌మన్ గదిలోకి కూడా ఒకసారి తొంగి చూడండి.

స్నానాన్ని పొద్దున్నించి మధ్యాహ్నానికి జరపండి. పొద్దున ముఖం, కాళ్లు, చేతులు కడుక్కుంటే చాలు. మూడున్నర, నాలుగు మధ్య ఎండ ఉన్నప్పుడు తరగతుల వారీగా, రోజు విడిచి రోజు తలంటితో సహా స్నానం పెట్టించండి. నల్లటి డ్రమ్ముల్లో పొద్దున్నే నీళ్లు నింపి ఎండలో పెడితే ఆ వేళకు గోరువెచ్చగా అవుతాయి. దీనికి సోలార్ హీటర్ అక్కర్లేదు. బహిష్టు అయిన అమ్మాయిలకు మాత్రం ఏ వేళైనా ఒక బకెట్ వేడినీళ్లు దొరకాలి. దాని కోసం వాళ్లు అందరి ముందూ వచ్చి అడిగే పరిస్థితి ఉండకూడదు. వంటగదిలో పనిచేసే సహాయకురాలు కామాటి గారితో ముందే ఒక మాట అనుకోండి. మాకైతే ఎర్ర మూత ఉన్న బకెట్ పట్టుకుని ఎవరొచ్చినా ప్రశ్నలు వేయకుండా నింపేవారు.

గజ్జికి ఒక్కొక్కరికి మందు పూస్తూ పోతే అది మార్చి దాకా మీతోనే ఉంటుంది. చలికి ఇద్దరు ముగ్గురు ఒకే రగ్గులో దూరతారు, తిట్టినా మానరు. కాబట్టి గది గదంతా ఒకే రాత్రి మందు రాసుకోవాలి, దురద లేనివాళ్లు కూడా. ఆరోగ్య కార్యకర్త ఏఎన్‌ఎం గారిని పిలిచి, డాక్టరు చెప్పిన ప్రకారం పర్మెత్రిన్ క్రీమ్ మెడ కింది నుంచి అరికాళ్ల దాకా, వేళ్ల సందుల్లో కూడా రాయించండి. పొద్దున బట్టలు, దుప్పట్లు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయించండి. ఉతకలేని రగ్గుల్ని సంచిలో మూటకట్టి మూడు రోజులకు తగ్గకుండా పక్కన పెట్టండి. వారానికి మళ్లీ ఒకసారి పూయాల్సి ఉంటుంది. మందు పనిచేశాక కూడా రెండు మూడు వారాలు దురద ఉంటుంది. అది చూసి మందు నకిలీదని గొడవ చేయకండి. మేం చేశాం.

పక్క తడపడం గురించి రాయడానికి నాకు కొంచెం కష్టంగా ఉంది. నేను చేరిన కొత్తలో మా బడిలో ఒక పద్ధతి ఉండేది. పక్క తడిపిన పిల్ల ఆ దుప్పటి తనే తీసుకొచ్చి ప్రేయర్ జరిగే చోట తీగ మీద ఆరేయాలి. సిగ్గుపడి మానేస్తారని వార్డెన్ నమ్మకం. నాకూ అదే సరైనదనిపించింది. నాలుగో తరగతి పిల్ల ఒకతె వరసగా అయిదు రోజులు ఆరేసింది. ఆరో రోజు రాత్రి నిద్రపోకుండా మంచం మీద కూర్చునే ఉందని పక్కపిల్లలు తర్వాత చెప్పారు. శివరాత్రి సెలవుకి ఇంటికి వెళ్లింది, మళ్లీ రాలేదు. రిజిస్టర్‌లో కారణం అన్న గడిలో "తల్లిదండ్రుల అశ్రద్ధ" అని నా చేతులతో నేనే రాశాను. ఆ పేజీ నాకు ఇప్పటికీ కళ్లముందు ఉంటుంది.

చలికి మూత్రం ఎక్కువ తయారవుతుంది. బాత్రూం దూరంగా ఉంటుంది, దారిలో చీకటి. ఎనిమిదేళ్ల పిల్ల లేచి వెళ్లదు. మీరు చేయాల్సింది ఏమంటే, పదింటికి ఒకసారి, నైట్ డ్యూటీ వాళ్లు రౌండ్‌కి వెళ్లినప్పుడు ఒకసారి చిన్నపిల్లల్ని గుంపుగా లేపి తీసుకెళ్లడం, వరండాలో రాత్రంతా ఒక బల్బు వెలగనివ్వడం, పరుపు మీద ప్లాస్టిక్ షీటు వేయడం. దుప్పట్లన్నీ రోజూ ఎండలో వేసే అలవాటు అందరికీ పెడితే ఎవరిది ఎందుకు ఆరుతోందో ఎవరికీ తెలియదు. ఇన్నాళ్లూ పొడిగా పడుకున్న పిల్ల హఠాత్తుగా తడపడం మొదలుపెడితే మాత్రం డాక్టరుకి చూపించండి. దాన్ని ఎవరైనా భయపెడుతున్నారా అని కూడా మెల్లగా కనుక్కోండి.

ఇప్పుడు సెలవులకి వెళ్లి రానివాళ్లు. మీ ఉత్తరంలో హెచ్‌ఎం సార్ బాధ అంతా ఇదే. దీని మీద కొంచెం ఎక్కువ రాస్తాను.

దీపావళికి వెళ్లి ఆగిపోయిన పదకొండు మందిలో ఎక్కువమంది ఇప్పుడు పత్తి చేలల్లో ఉండుంటారు. మీ జిల్లాలో నవంబర్ నుంచి జనవరి దాకా పత్తి ఏరే కాలం. కూలి దొరకదు, దొరికినా ఇచ్చుకోలేరు. పదేళ్ల పిల్ల చేతులు పత్తి ఏరడానికి బాగా పనికొస్తాయని తల్లిదండ్రులకు తెలుసు. వాళ్లని చెడ్డవాళ్లనుకోకండి. పోయి అడగండి, మొదటి ఏరుడు అయిందా, రెండోది ఎప్పుడు, ఏ రోజుకి పంపగలరు అని. రేపే పంపాలి అంటే తలూపి పంపరు. వచ్చే బేస్తవారం అని వాళ్ల నోటితో అనిపిస్తే చాలావరకు పంపుతారు.

సంక్రాంతి తర్వాతి సంగతి ఇంకోలా ఉంటుంది. మనకి సంక్రాంతి పెద్ద పండుగ కాబట్టి సెలవులు దాని చుట్టూ ఉంటాయి. రాజగోండులకి ఆ రోజులు పుష్యమాసం, మొక్కుల నెల. నార్నూర్‌లో తొడసం వంశస్థుల ఖాందేవ్ జాతర పుష్య పౌర్ణమికి మొదలవుతుంది. కెరమెరి మండలం కొండల్లో జంగుబాయి దగ్గరికి ఆ నెలంతా వెళ్తూనే ఉంటారు. ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో మెస్రం వంశస్థుల నాగోబా పూజ పుష్య అమావాస్య రాత్రి. దానికి ముందు మెస్రం వాళ్లు కాలినడకన గోదావరి దాకా, హస్తినమడుగు వరకు వెళ్లి నీళ్లు తెస్తారు. కుటుంబాలు మర్రిచెట్ల కింద దిగుతాయి. ఆ ఏడాది పెళ్లయి వచ్చిన కోడళ్లను దేవుడికి, వంశానికి పరిచయం చేస్తారు, దాన్ని భేటింగ్ అంటారు. మీ తరగతిలో మెస్రం ఇంటి పిల్ల ఉంటే, వాళ్ల వదిన భేటింగ్ రోజున అది బడిలో ఉండాలని కోరుకోవడం, మన చెల్లెలి పెళ్లికి మనకి సెలవు ఇవ్వకపోవడం లాంటిది.

2026 క్యాలెండర్ చూడండి. పుష్య పౌర్ణమి జనవరి 3, అమావాస్య జనవరి 18. సంక్రాంతి సెలవులు సరిగ్గా ఆ రెంటి మధ్యలో పడ్డాయి. తొడసం పిల్ల సెలవులకి ముందే వెళ్లిపోతుంది, మెస్రం పిల్ల సెలవులు అయిపోయినా రాదు. రిజిస్టర్‌లో ఇద్దరూ గైర్హాజరే. 2025లో నాగోబా పూజ జనవరి 28న వచ్చింది. అంటే పిల్లలు సంక్రాంతికి ఇంటికెళ్లి, బడికి వచ్చి, పది రోజులకే మళ్లీ వెళ్లారు. తేదీ ఏటా మారుతుంది, మన సెలవుల జాబితా మాత్రం మారదు.

కాబట్టి ఈ నెలలోనే ఒక సాయంత్రం మీ తరగతి పిల్లల్ని కూర్చోబెట్టి, పంచాంగం ముందేసుకుని, ఎవరిది ఏ ఇంటిపేరు, ఎవరు ఏ జాతరకి వెళ్తారు, ఎన్ని రోజులు, తిరిగి వచ్చేది ఎవరితో అని రాయండి. గోడకి పెద్ద చార్టు వేయండి. ఆ చార్టు పిల్లలే గీయాలి. తల్లిదండ్రులతో ఫోన్‌లో తేదీ ఖాయం చేసుకోండి. హెచ్‌ఎం గారికి ఒక కాపీ ఇవ్వండి. చెప్పి వెళ్లిన పిల్ల తిరిగి రావడం సులువు, చెప్పకుండా వెళ్లిన పిల్లకి మూడో రోజు నుంచే భయం మొదలవుతుంది, పదో రోజుకి ఆ భయమే కారణమై ఆగిపోతుంది. వెళ్లే ప్రతి పిల్లకీ ఒక పని ఇవ్వండి. జాతరలో ఎన్ని ఎడ్లబండ్లు దిగాయో లెక్కపెట్టుకురా, మీ అవ్వ చెప్పే కథ ఒకటి పట్టుకురా, వచ్చాక ప్రేయర్‌లో చెప్పాలి అనండి. తను లేకపోతే ఆగిపోయే పని ఒకటి బడిలో ఉందని తెలిస్తే పిల్ల మనసు ఇటు లాగుతుంది. నేను చూసినంతలో దండోరా వేసినదానికన్నా, ఇంటింటికీ తిరిగినదానికన్నా ఇదే ఎక్కువ మందిని వెనక్కి తెచ్చింది.

తొమ్మిది, పది తరగతుల అమ్మాయి రాకపోతే మాత్రం వేచి చూడకండి. కారణం పత్తి కాకపోవచ్చు, జాతర కాకపోవచ్చు, పెళ్లి కావచ్చు. అనుమానం వస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, మీ పేరు బయటికి రాదు.

కోలాం అమ్మాయిల విషయంలో మీరు ఇప్పటికే ఒకసారి తరగతిలో "అందరూ సమానం" అని ఉపన్యాసం ఇచ్చి ఉంటారు. నేనూ ఇచ్చాను. దానివల్ల వెక్కిరింత డార్మిటరీకి మారుతుంది, ఆగదు. వాళ్లకి తెలిసినది మిగతావాళ్లకి అవసరమయ్యేలా చూడండి. మీ వైపు చాలా గోండు గూడేల్లో ఊరి దేవతలకి పూజ చేసేది కోలాం పెద్దలే. అడవి దేవతలతో మాట్లాడటం వాళ్లకే తెలుసని గోండులు గౌరవిస్తారు. ఇంట్లో తాతలకి ఉన్న ఆ మర్యాద హాస్టల్‌కి వచ్చేసరికి మనవరాళ్లకి లేకుండా పోయింది. ఎందుకంటే ఇక్కడ మర్యాదకి కొలత తెలుగు ఉచ్చారణ. మనం పెట్టిన కొలతే అది.

శనివారం సాయంత్రం గ్రౌండ్‌లో, భవనానికి దూరంగా, పక్కన రెండు బకెట్ల నీళ్లు పెట్టుకుని ఒక నెగడు వేయండి. పెద్దవాళ్లు ఇద్దరు దగ్గర ఉండాలి, నైలాన్ స్వెట్టర్ల పిల్లలు వెనక వరసలో కూర్చోవాలి. ఒక వారం గోండి కథలు, ఒక వారం కోలామి, ఒక వారం లంబాడీ. తెలుగులో ఎవరూ చెప్పకూడదు, పక్కపిల్ల తెలుగు చేసి చెప్పాలి. మా బడిలో రోల్‌కాల్ ఒక వారం గోండి అంకెల్లో నడిపాం, ఉండి, రండ్, మూండ్, నాలుంగ్ అని. తెలుగు అంకెలకి ఎంత దగ్గరో చూసి తెలుగు టీచరే ఆశ్చర్యపోయారు. తర్వాతి వారం కోలామిలో. ఆ వారం ఆ పిల్లల్ని వెక్కిరించినవాళ్లు వాళ్ల వెనకాలే తిరిగారు, తర్వాతి అంకె ఏంటే అని. స్నేహం కుదిరిందా అంటే ఒకరిద్దరితో కుదిరింది. అందరితో కుదరాలని ఆశపడకండి, మనకి మాత్రం స్టాఫ్‌రూంలో అందరితో కుదురుతుందా?

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. 1940లో జోడేఘాట్‌లో కుమురం భీం చనిపోయాక నిజాం ప్రభుత్వం మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ని గోండుల దగ్గరికి పంపింది. 1943లో ఆయన మార్లవాయిలో గోండు యువకులకి టీచర్ ట్రైనింగ్ మొదలుపెట్టించారు, చదువు గోండిలో మొదలవ్వాలని. ఆయన, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ సమాధులు ఆ ఊళ్లోనే ఉన్నాయి. ఏటా జనవరి 11న చుట్టుపక్కల గూడేల జనం అక్కడ చేరతారు. మీరున్న చోటికి దూరమేం కాదు, ఒకసారి వెళ్లిరండి. మీరు కనిపెట్టాల్సిన దారి ఒకటుందని కంగారుపడే బదులు, ఆగిపోయిన దారి ఒకటుందని తెలిస్తే కొంచెం ధైర్యం వస్తుంది.

పిల్లలకి పనులు అప్పగించమని ఇందాకటి నుంచి చెప్తున్నాను కదా, ఒక హద్దు కూడా చెప్పాలి. థర్మామీటర్ చూడటం, దుప్పట్లు ఎండలో వేయించడం, చిన్నపిల్లకి జడ వేయడం, ఎనిమిదో తరగతి అక్క మూడో తరగతి చెల్లిని రాత్రి బాత్రూంకి తోడు తీసుకెళ్లడం, ఇవి బాధ్యతలు. కట్టెలు మోయడం, వేడినీళ్ల గంగాళం దించడం, వంటగది కడగడం, ఇవి స్టాఫ్ పనులు. కామాటి పోస్టు ఖాళీగా ఉందని పిల్లల చేత చేయించి, దానికి బాధ్యత నేర్పిస్తున్నాం అని పేరు పెట్టకండి. మరిగే నీళ్ల దగ్గర పిల్ల కనిపిస్తే ఎవరు చెప్పి పంపినా వెనక్కి పంపేయండి. అక్కలుగా పదో తరగతి వాళ్లని వేయొద్దు, వాళ్ల టెన్షన్ వాళ్లకి చాలు. ఎనిమిదో తరగతి సరైన వయసు. పెద్దరికం కోసం ఎదురుచూస్తుంటారు, పరీక్షలు దూరంగా ఉంటాయి.

తిండి సంగతి మెనూ ప్రకారం జరిగేదే కాబట్టి మీ చేతిలో ఎక్కువ లేదు. ఉన్నంతలో రాగిజావ వేడిగా ఉన్నప్పుడే పిల్లల చేతికి వచ్చేలా చూడండి. డిసెంబర్‌లో కందికాయలు, అనపకాయలు సంతలో చవక, వారానికోసారి ఉప్పేసి ఉడికించి సాయంత్రం పెట్టమని అడగండి. ఇంకోటి. ఈ నెలల్లో స్వెట్టర్లు పంచడానికి దాతలు వస్తారు. మంచిదే, తీసుకోండి. కానీ ఫోటో కోసం పిల్లల్ని గంటసేపు చలిలో వరసగా నిలబెట్టి, స్వెట్టర్ చేతికిచ్చి వేసుకోకుండా ఆపేవాళ్లని చూశాను. ముందు తొడిగించండి, తర్వాత ఎన్ని ఫోటోలైనా తీసుకోమనండి.

మీ గురించి అడిగారు, తప్పు చోటికి వచ్చానా అని. ఐదు నెలలకే దీనికి జవాబు చెప్పలేను, మీరూ చెప్పుకోలేరు. మొదటి చలికాలం టీచర్‌కి కూడా హాస్టల్‌లో కొత్తపిల్ల లాగే గడుస్తుంది. మీకూ ఎవరూ తెలియదు, భాష రాదు, పొద్దు గూకగానే ఇల్లు గుర్తొస్తుంది. నైట్ డ్యూటీ వరసగా వారంలో రెండు రాత్రులకి మించి వేసుకోకండి. ఒంటరిగా గదిలో స్టవ్ మీద వండుకునే బదులు పిల్లల పక్కన కూర్చుని తినండి. మీ కామాటి గారు గోండు అయితే రోజుకి రెండు మాటలు ఆమె దగ్గర నేర్చుకోండి. నీళ్లని గోండిలో ఏర్ అంటారు. మన ఏరు గుర్తు రావడం లేదూ? పొద్దున ఎదురుపడ్డ పిల్లకి గుడ్ మార్నింగ్ బదులు రాం రాం అనండి. మొదటిరోజు నవ్వుతారు. నా మొదటిరోజు అయితే లైన్ మొత్తం నవ్వింది, పీఈటీ మేడమ్ విజిల్ వేసినా ఆగలేదు.

రెండో రగ్గు గురించి గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏకి రాసే లెటర్ మాత్రం వచ్చే నెల అని వాయిదా వేయకండి. మీ థర్మామీటర్ అంకెలు ఒక వారానివి కాగానే వాటిని జతచేసి, పిల్లల సంఖ్య స్పష్టంగా రాసి, హెచ్‌ఎం గారి సంతకంతో పంపించండి, ఒక కాపీ ఫైల్లో ఉంచండి. ఫిబ్రవరిలో వచ్చిన రగ్గులు విప్పకుండానే స్టోర్‌రూంలోకి వెళ్తాయి, ఎలుకలు కొడతాయి.